రాత్రి పడుకునేటప్పుడు పళ్ల మీద ఏముంది?

తెలుగు ఇళ్లలో పళ్లు తోముకోవడం ముఖం కడుక్కోవడంలో ఒక భాగం. పాచిముఖంతో కాఫీ తాగకూడదు, దేవుడి దగ్గర దీపం పెట్టకూడదు, నలుగురిలో మాట్లాడేటప్పుడు నోటి వాసన రాకూడదు. ఈ కారణాలన్నీ పొద్దుటివే. బడికి బయల్దేరే పిల్లాణ్ణి "పళ్లు తోముకున్నావా?" అని నిలదీసే అమ్మానాన్నలు, రాత్రి అన్నం తిని, పాలు తాగి మంచమెక్కేటప్పుడు ఆ మాట అడగరు. పళ్లకు కావలసింది సరిగ్గా దీనికి తలకిందులు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. రోజుకు ఒక్కసారే తోమే ఓపిక ఉంటే ఆ ఒక్కసారీ రాత్రి పడుకోబోయే ముందు తోమండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోమండి. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి, నీళ్లు పోసుకుని పుక్కిలించకండి. పొద్దున తోమేది రెండోసారి. అదీ ఉంటే మరీ మంచిది. వేపపుల్ల, ఉప్పు, నూనె పుక్కిలింత, రంగురంగుల మౌత్‌వాష్‌లు, ఇవన్నీ ఈ మూడూ కుదిరాక మాట్లాడుకోవలసినవి. ఈ మూడింట్లో జనానికి మింగుడుపడనిది ఫ్లోరైడ్. దాని గురించే ఎక్కువ చెప్పాలి, కానీ ముందు రాత్రి సంగతి.

పంటి మీద పేరుకునే పాచి నిండా సూక్ష్మజీవులే. మనం తిన్న చక్కెరనీ, బిస్కెట్లు బ్రెడ్డు లాంటివాటిలోని పిండినీ అవి వాడుకుని ఆమ్లం వదులుతాయి. పీహెచ్ అంటే ఆమ్లాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు. కొద్ది నిమిషాల్లోనే పంటి మీద పీహెచ్ 5.5 కంటే కిందికి పడుతుంది. అక్కణ్ణుంచి ఎనామిల్‌లోని, అంటే పంటి గట్టి పైపొరలోని కాల్షియం, ఫాస్ఫేటు కరిగిపోవడం మొదలు. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజంలో కొంత మళ్లీ పంటికి చేరుస్తుంది. ఇందుకు అరగంట నుంచి గంట పడుతుంది. 1940ల్లో స్టీఫాన్ అనే అమెరికా పరిశోధకుడు ఈ పడిలేవడాన్ని గీతగా గీసి చూపించాడు. దంతవైద్య విద్యార్థులు ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే చదువుకుంటారు.

ఆ గీత చూస్తే తీపి ఎంత తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యమని తెలుస్తుంది. భోజనంతో పాటు రెండు గులాబ్‌జామ్‌లు తిని ఊరుకున్నవాడి పళ్లకు గంటసేపే కష్టం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆరు చక్కెర టీలు, మధ్యలో రెండు చాక్లెట్లు, ప్రతి టీతో ఓ బిస్కెట్టు తీసుకునేవాడి పళ్లు రోజంతా కోలుకోవు. ఇంట్లో డబ్బాలో ఉన్న స్వీట్లు పిల్లలు రోజంతా కొరుక్కు తింటుంటే, "పోనీ, అన్నీ ఒక్కసారే తినెయ్" అనడం పళ్లవరకు మంచి సలహానే. పొట్ట సంగతి వేరు.

ఇక నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు. పగలు పదిసార్లు జరిగే మరమ్మతు రాత్రి ఆగిపోతుంది. పడుకునేటప్పుడు పళ్ల సందుల్లో ఇరుక్కున్న మిఠాయి ముక్క, పంటి మీది పాచి, రెండూ ఏడెనిమిది గంటలు అడ్డూఆపూ లేకుండా పనిచేస్తాయి. నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్లకు, అలర్జీ మాత్రలు వేసుకునేవాళ్లకు నోరు ఇంకా ఎండుతుంది కాబట్టి ఇంకా చేటు. పొద్దున లేచి ఎంత గట్టిగా తోమినా ఆ రాత్రి జరిగిన నష్టం వెనక్కి రాదు.

ఫ్లోరైడ్ అవసరపడేది ఇక్కడే. పంటి మీద, లాలాజలంలో కాస్త ఫ్లోరైడ్ ఉంటే, కరిగిన కాల్షియం తిరిగి పంటికి చేరేటప్పుడు దాన్ని కూడా కలుపుకుని గట్టిపడుతుంది. మామూలు ఎనామిల్ 5.5 దగ్గర కరగడం మొదలుపెడితే, ఫ్లోరైడ్ చేరిన ఖనిజం 4.5 దాకా తట్టుకుంటుంది. ఈ పని పంటి పైపొర మీద జరుగుతుంది తప్ప, కడుపులోకి వెళ్లి రక్తంలో కలిసి జరగదు. కాబట్టి మింగాల్సిన పని లేదు, పంటికి అంటుకుని ఉంటే చాలు. తోమగానే రెండు గ్లాసుల నీళ్లతో పుక్కిలిస్తే కొన్న పేస్టులో అసలు సరుకు సింకులో పోసినట్టే.

"ఫ్లోరైడా? నల్లగొండలో చూడలేదా జనాన్ని?" అని అడుగుతారు. చూశాం. వంకరపోయిన కాళ్లు, నిటారుగా నిలబడలేని నడుములు, గోధుమరంగు చారల పళ్లు. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, మన దేశంలో ఉందని వైద్యులు మొదట రాసిందే 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. తాగేనీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ భయానికి అర్థం ఉంది. కానీ ఆ భయాన్ని బోరుబావి మీంచి తీసుకొచ్చి పేస్టు ట్యూబు మీద పెట్టడం దగ్గరే లెక్క తప్పింది.

లెక్క వేద్దాం. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు అనుకోండి. ఎండల్లో పొలం పని చేసే మనిషి రోజుకు 4 లీటర్లు తాగితే 20 మిల్లీగ్రాములు లోపలికి వెళుతుంది. అన్నం, పప్పు, టీ కూడా ఆ నీళ్లతోనే కాబట్టి ఇంకొంచెం కలుస్తుంది. ఇలా రోజూ, ఏళ్ల తరబడి. ఇప్పుడు పేస్టు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) మించకూడదు. అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. శనగగింజంత పేస్టు సుమారు పావు గ్రాము, అందులో ఉండేది పావు మిల్లీగ్రాము. దాంట్లోనూ ఎక్కువ భాగం ఉమ్మేస్తాం. రెండుపూటలా తోమినా, మొత్తం మింగేసినా, అర మిల్లీగ్రాము. ఇరవై ఎక్కడ, అర ఎక్కడ?

పళ్ల మీద చారలు పడటానికి ఒక వయసు ఉంది. చిగురు లోపల ఎనామిల్ తయారవుతున్నప్పుడే, అంటే సుమారు 8 ఏళ్ల లోపే, ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ మచ్చలు వస్తాయి. వచ్చిన పంటికి ఆ తర్వాత రావు. నలభై ఏళ్ల మనిషి "ఫ్లోరైడ్ పేస్టు వాడితే నా పళ్లు నల్లగొండ పళ్లవుతాయి" అని భయపడక్కర్లేదు. చిన్నపిల్లలు పేస్టు తియ్యగా ఉందని మింగుతారు కాబట్టి వాళ్ల విషయంలో మోతాదు చూడాలి. మూడేళ్ల లోపు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీగింజ దాటకుండా, పేస్టు వేసేది పెద్దవాళ్లే. బోరు నీళ్లే తాగే ఫ్లోరైడ్ ఊళ్లలో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. అయితే అక్కడ ముందు మార్చాల్సింది నీళ్లు. ఆ నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ తీయలేదు. ఆర్వో చాలామటుకు తీసేస్తుంది, లేకపోతే నది నీళ్లు రావాలి.

ఇప్పుడు పట్నాల్లోనూ చాలా పల్లెల్లోనూ జనం తాగేది ఆర్వో నీళ్లు, లేదా ఇరవై లీటర్ల క్యాను. అందులో ఫ్లోరైడ్ నామమాత్రం. ఆ ఇంట్లోనే పిల్లలకు "కెమికల్స్ లేని" మూలికల పేస్టు, బడి బ్యాగులో క్రీము బిస్కెట్లు, రాత్రి చక్కెర వేసిన పాలు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై బాధపడిన నేల మీదే, ఫ్లోరైడ్ చుక్క కూడా తగలని పళ్లు పుచ్చిపోతున్నాయి. దీనికి ఒక్క నల్లగొండ భయాన్నే అనలేం, ప్రకటనలకూ వాటా ఉంది.

ట్యూబు వెనక చదవడం కష్టమేమీ కాదు. సోడియం ఫ్లోరైడ్, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్, స్టానస్ ఫ్లోరైడ్, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉండాలి. ఎంత ఉందో పీపీఎంలలో రాసి ఉంటుంది. 1000కి దగ్గరగా ఉంటే చాలు. విదేశాల్లో ఉన్న చుట్టాలు తెచ్చే వాటి మీద 1450 అని కనిపిస్తే కంగారుపడకండి, పెద్దవాళ్లకు అదీ మంచిదే. ఎక్స్‌పైరీ తేదీ చూడండి. "హెర్బల్" అన్న మాట ఉన్నంత మాత్రాన ఫ్లోరైడ్ ఉందనీ కాదు, లేదనీ కాదు, చదివితేనే తెలుస్తుంది. ట్యూబు అడుగున ఉండే ఎర్ర, పచ్చ చదరపు గుర్తులను బట్టి రసాయనమా సహజమా అని తేల్చే వాట్సాప్ సందేశం పుకారు. అవి ట్యూబును సరిగ్గా కోసి అతికించడానికి యంత్రం చూసుకునే గుర్తులు.

ఇక తోమే పద్ధతి. మెత్తటి కుచ్చున్న, తల చిన్నగా ఉన్న బ్రష్ కావాలి. ప్రకటనలో చూపించినట్టు బ్రష్ పొడవునా అల లాగా పేస్టు పరవక్కర్లేదు. కుచ్చును పంటికీ చిగురుకూ కలిసే గీత మీద, చిగురు వైపుకు వాలేటట్టు సుమారు 45 డిగ్రీల కోణంలో ఆనించి, ఉన్నచోటే చిన్నగా కదిలించాలి. రెండు మూడు పళ్లకు పదిసార్లు కదిలించి, పంటి అంచు వైపు తుడిచినట్టు లాగి, పక్క పళ్లకు జరగాలి. బయటివైపు, లోపలివైపు, నమిలే వైపు. ముందుపళ్ల లోపలికి బ్రష్ నిలువుగా పట్టుకుంటేనే అందుతుంది. మొత్తం రెండు నిమిషాలు. చాలామంది ముప్పై నలభై సెకన్లలో ముగిస్తారు, అందులో సగం ముందుపళ్లకే పోతుంది. పుచ్చు పట్టేది దవడపళ్లకు. కుచ్చు పక్కలకు విచ్చుకుంటే మూడు నెలలు కాకపోయినా మార్చేయాలి. నెలలోపే విచ్చుకుంటోందంటే మీరు తోమడం లేదు, రుద్దుతున్నారు.

రుద్దడం వల్ల ఏమవుతుందో అద్దంలో చూడొచ్చు. కోరపన్ను దగ్గర, దాని వెనక రెండు పళ్ల దగ్గర, చిగురు పక్కన గొడ్డలితో నరికినట్టు గాటు కనిపిస్తుంది. కుడిచేత్తో తోమేవాళ్లకు ఎక్కువగా ఎడమవైపు ఉంటుంది, ఎందుకంటే ఆ పక్కకే చేతిబలం ఎక్కువ పడుతుంది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. బొగ్గుపొడి, ఇటుకపొడి, దొడ్డుప్పు, గరుకు పళ్లపొడి వేలితో రుద్దేవాళ్లకూ ఇదే గతి. ముందు తెల్లగా మెరుస్తాయి, తర్వాత ఎనామిల్ అరిగి కింద ఉన్న పసుపు పొర బయటపడుతుంది. అప్పుడు పసుపు పోవాలని ఇంకా గట్టిగా రుద్దుతారు. జివ్వుమనేదానికి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టులు దొరుకుతాయి. రెండు వారాలైనా వాడితేగానీ తేడా తెలియదు. నిమ్మరసం, కూల్‌డ్రింక్, పుల్లటి పులుసు తాగిన వెంటనే తోమకండి. మెత్తబడిన ఎనామిల్ మీద బ్రష్ పడుతుంది. అరగంట ఆగండి.

వేపపుల్లను తీసిపారేయాలని నేననను. బాగా నమిలి కుచ్చు చేసుకుని తోమితే పళ్ల బయటివైపు పాచి బాగానే పోతుంది. లోపలివైపుకు, వెనక దవడపళ్లకు అందదు, ఫ్లోరైడ్ ఉండదు. పొద్దున అది, రాత్రి పేస్టు అంటే నాకు అభ్యంతరం లేదు. మౌత్‌వాష్ మాత్రం తోమిన వెంటనే వద్దు. అందులోని ఫ్లోరైడ్ పేస్టులో ఉన్నదానిలో పావు వంతు కూడా ఉండదు, అది వచ్చి ఇది కడిగేస్తుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత వాడుకోండి. చిగుళ్లకు డాక్టరు రాసే క్లోర్‌హెక్సిడిన్ మందు వేరు. దాన్ని రెండు వారాలకు మించి సొంతంగా వాడితే పళ్లకు గోధుమరంగు పడుతుంది. పేస్టుకూ దానికీ మధ్య అరగంట ఎడం లేకపోతే సరిగ్గా పనిచేయదు.

పళ్ల సందుల్లోకి ఏ బ్రష్షూ పోదు. ఫ్లాస్ దారం కానీ, సందు పెద్దదైతే సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ కానీ రాత్రిపూట ఒక్కసారి చాలు. చీపురుపుల్ల, పిన్నీసు చిగుళ్లను చీరతాయి. మటన్ పీచో, మామిడి పీచో రోజూ ఒకే చోట ఇరుక్కుంటోందంటే అది పుల్లతో తేలే వ్యవహారం కాదు. అక్కడ రంధ్రమో, పళ్ల మధ్య వదులో ఉంది, చూపించుకోవాలి.

తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తే చాలామంది ఆ చోటు వదిలేసి తోముతారు. చేయాల్సింది అక్కడే మెత్తగా, ఇంకా శ్రద్ధగా తోమడం. పాచి వల్ల వచ్చే రక్తమైతే వారం పది రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే చాలాసార్లు గార పట్టిందని అర్థం. పాచి మీద లాలాజలంలోని ఖనిజం చేరితే, బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టినట్టే రాయిలా గట్టిపడుతుంది. లాలాజలం ఊరే రంధ్రాలకు ఎదురుగా, అంటే కింది ముందుపళ్ల లోపలివైపు, పై దవడపళ్ల బయటివైపు ముందు పడుతుంది. దాన్ని బ్రష్ తీయలేదు, దంతవైద్యుడి దగ్గర స్కేలింగ్ (గార గీకి తీయడం) చేయించాలి. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి" అన్న మాటలో వాస్తవం తలకిందులైంది. చిగురు, ఎముక అప్పటికే కరిగిపోయి, పన్ను గార ఆసరాతో నిలబడి ఉంటుంది. గార తీస్తే కదులుతున్న సంగతి తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడమూ కష్టం. బీపీకి అమ్లోడిపిన్ వేసుకునే కొందరికి చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతాయి. మాత్ర సొంతంగా ఆపకుండా డాక్టరుతో చెప్పాలి. పొగతాగేవాళ్లకు జబ్బు ఉన్నా రక్తం తక్కువ వస్తుంది, కాబట్టి రక్తం లేదని ధీమాగా ఉండకూడదు.

పిల్లల దగ్గర జరిగే పొరపాట్లలో రెండు చాలా ఖరీదైనవి. ఒకటి, పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోనివ్వడం. పై ముందుపళ్లు నాలుగూ చిగురు దగ్గర తెల్లగీతతో మొదలై, గోధుమరంగుకు తిరిగి, విరిగిపోతాయి. నాలుక అడ్డంగా ఉండటం వల్ల కింది ముందుపళ్లు మాత్రం బాగుంటాయి. రాత్రి వేసే తియ్యటి దగ్గు సిరప్ కూడా అదే పని చేస్తుంది. సిరప్ వేశాక తోమండి, తోమాక సిరప్ వేయకండి. రెండోది, ఆరేళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడపన్ను. ఏ పాలపన్నూ ఊడకుండా, వరుస చివర చిగురులోంచి ఊరకే వచ్చేస్తుంది. అందుకే దాన్ని కూడా పాలపన్ను అనుకుని, "ఎలాగూ ఊడిపోయేదేగా" అని వదిలేస్తారు. అది ఊడదు, జీవితాంతం ఉండాల్సింది. దాని మీది లోతైన గాళ్లలో పాచి నిలుస్తుంది కాబట్టి, వచ్చిన కొత్తలోనే సీలెంట్ (ఆ గాళ్లను మూసే పూత) వేయిస్తే మంచిది. ఆ మాటకొస్తే పాలదవడపళ్లూ పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అవి ముందే పోతే పక్కపళ్లు జరిగి, కొత్తవి వంకరగా వస్తాయి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా రాత్రి తోమే చెయ్యి పెద్దవాళ్లదే కావాలి.

పొగాకు, వక్క తినేవాళ్లకు తోమడం ఒక్కటే సరిపోదు. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదే. ఉత్తర కోస్తా పల్లెల్లో నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ వల్ల అంగిట్లో క్యాన్సర్ రావడం వైద్యులు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోయినా, తెల్లమచ్చో ఎర్రమచ్చో పుండో రెండు వారాలకు మానకపోయినా వెంటనే చూపించుకోవాలి.

నొప్పి గురించి ఒక మాట. పుచ్చు ఎనామిల్‌లో ఉన్నంతకాలం నొప్పి ఉండదు, అక్కడ నరం లేదు. సుద్దలాంటి తెల్లమచ్చగా ఉన్నప్పుడైతే ఫ్లోరైడ్‌తో వెనక్కి మళ్లించవచ్చు కూడా. చల్లటిదీ తీపిదీ తగిలి జివ్వుమంటుంటే లోపలి పొర దాకా వెళ్లింది, ఇంకా ఫిల్లింగుతో పోతుంది. రాత్రి పడుకుంటే పోటు ఎక్కువై నిద్రలేపుతుంటే నరానికి తగిలింది, రూట్ కెనాలో, పీకడమో. ఈ దశలో లవంగనూనె దూదితో పెడితే కాసేపు హాయిగా ఉంటుంది, అంతకు మించి ఏమీ చేయదు. నొప్పిమాత్రను పంటి పక్కన చిగురు మీద పెట్టడం మాత్రం అసలు వద్దు, కాలి పుండవుతుంది. నాలుగు రోజులు పోటెత్తిన పన్ను దానంతటదే ఊరుకుంటే జనం సంతోషిస్తారు. చాలాసార్లు లోపలి నరం చచ్చిపోవడమే దానికి కారణం. చీము వేరు కొసన తయారవుతూ ఉంటుంది. మందుల షాపులో నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలు కొనుక్కుంటే వాపు తగ్గినట్టుంటుంది, మూలం పన్నులోనే ఉండి మళ్లీ వస్తుంది. పైపన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని వాయిదా వేసేవాళ్లూ ఉన్నారు. ఆ పంటికీ చూపుకీ సంబంధం లేదు. భయపడాల్సింది వేరే ఉంది. దవడ కింద వాపు గట్టిగా మెడలోకి దిగుతుంటే, జ్వరం ఉండి, నాలుక పైకి లేచి, ఉమ్మి మింగడం కష్టమవుతుంటే, ఊపిరి ఆడే దారి మూసుకుపోవచ్చు. అర్ధరాత్రయినా సరే, క్లినిక్ తెరిచేదాకా చూడకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.